గునుగు మొలిచిన చెలక

ఈ వారం నా కోపానికి ఒక వీడియో కాల్ కారణం. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్‌లో ఉండే మన్మరాలు ఎంగిలిపూల నాడు బజార్లో కొన్న బతుకమ్మను చూపించింది. అంతా రంగు కాగితమే. పైగా "తాతా, గునుగు చేన్ల ఎట్లుంటది?" అని అడిగింది.

గడ్డిమందు మీద నాకున్న పగ ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. గునుగును ఎవరూ విత్తరు. జొన్న, మక్క చేన్లలో కలుపుగా అదే మొలుస్తుంది. మందు కొట్టాక కలుపుతోపాటు పండుగ పువ్వూ పోయింది. ఇప్పుడు జనగామ అంగడిలో కట్టకింత అని కొంటున్నాం.

మానుకోట దగ్గర మా ఊళ్లో తాత సద్దుల నాడు కోడి కూయకముందే లేచేవాడు. చెరువు కట్ట మీది తంగేడు, చెలకలోని గునుగు, దడి మీది గుమ్మడిపూలు మోపు కట్టి తెచ్చేవాడు. నాతో కసిరి తప్ప మాట్లాడని మనిషి, అక్కను మాత్రం "నా తల్లీ" అనేవాడు. గునుగు కాడలు సమానంగా కోసి, గుత్తులు కట్టి రంగునీళ్లలో ముంచేవాడు. దసరా దాటినా ఆయన వేళ్లు గులాబీ రంగులోనే ఉండేవి. అక్క తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచున తంగేడు, ఆపైన గునుగు పేర్చి, నడుమ ఆకులు కూరేది. "చుట్టు చుట్టుకు తగ్గియ్యాలె బిడ్డా, లేకుంటే కూలుతది" అని అరుగు మీంచే చెప్పేవాడు. తాంబాళం ముట్టేవాడు కాదు. పేర్చడం ఆడవాళ్ల పని.

అలాంటి తాతలు ఇప్పుడేరీ అని ముగించబోయాను. చెయ్యి రాలేదు. ఆ గునుగు మొలిచిన చెలక నా పేరున ఉంది.

అక్క పెళ్లి 1979లో అయింది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అంతకుముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం ఆ మెలిక తీసేసేనాటికి మా పంపకాలు రిజిస్టరైపోయాయి. చట్టం సంగతి సరే, తాత తలచుకుంటే ఒక మడి రాసివ్వలేడా? పూలు ఇచ్చాడు, అవి మొలిచిన నేల ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. అక్క అడగలేదు కదా అని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను.

సద్దులకు మన్మరాలు వస్తోంది. గట్టున మందు తగలని గునుగు నాలుగు మొక్కలుంది, చూపిస్తాను. అంతకంటే ముందు పాసుపుస్తకం పట్టుకుని అక్క ఇంటికి పోవాలి.