ఏటి ఒడ్డున ఎవరి ప్రశాంతత?

గుస్తావ్ కూర్బే 1850ల నడుమ వేసిన ‘ఓర్నాన్ దృశ్యం’ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. తూర్పు ఫ్రాన్స్‌లో లూ నది ఒడ్డున ఉన్న ఓర్నాన్ ఆయన పుట్టిన ఊరు. నీళ్ల మీద వంతెన, ఇళ్లు, చర్చి గోపురం, వెనక కొండ. బొమ్మ బరువంతా నీటి మీద, రాతి మీదే. ఊరి పనికి ఇందులో పెద్దగా చోటు లేదు. ఇలాంటి బొమ్మ కనపడితే చాలు, విమర్శకులు ‘ప్రశాంతత’ అనేసి చేతులు దులుపుకుంటారు. మేం అలా అనలేం. 1985లో కారంచేడు మారణకాండకి దారితీసిన గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. అది తెలిసిన కళ్లు బొమ్మలో నీళ్లు కనపడగానే ఒడ్డున ఎవరున్నారు, ఎవరు లేరు అని వెతుకుతాయి.

అలాగని ఓర్నాన్‌ని తెచ్చి మన వాడలకి అతికించడం లేదు. అక్కడ మన కులం లేదు. భూమి ఉంది, కూలి ఉంది. కూర్బే తండ్రి భూమి ఉన్నవాడు. ఆ సంగతి పక్కన పెట్టి కూర్బేని కూలోళ్ల చిత్రకారుడని నెత్తికెత్తుకోవడం కొందరికి అలవాటు.

ఆ ఊరి మనుషుల్ని ఆయన వేరే కాన్వాసుల మీద పెట్టాడు. 1849–50లో వేసిన ‘ఓర్నాన్‌లో ఖననం’ ఆరు మీటర్లకి పైగా వెడల్పు. మేయరు, ఫాదర్లు, కూర్బే చెల్లెళ్లు, అంతా నిలువెత్తు మనుషులు. గోతి పక్కన మోకాలూనిన తవ్వేవాడికి కూడా మొహం ఉంది. మరి 1849 నాటి ‘రాళ్లు కొట్టేవాళ్లు’ సంగతేమిటి? ఓర్నాన్ దగ్గర రోడ్డు పక్కన కనపడ్డ ఇద్దరిని పిలిపించి వేశాడు. ముసలాయన మొహం టోపీ నీడలో ఉంది. కుర్రాడు అటు తిరిగాడు, మనకి దొరికేది చిరిగిన చొక్కా, వీపు. మొహం లేకపోవడం వల్లే వాళ్లు మొత్తం శ్రామికులకి ప్రతినిధులయ్యారని వాదన ఉంది. మాకది మింగుడుపడదు. మేయరు మేయరుగా ఉండొచ్చు గానీ, కూలివాడు మాత్రం ప్రతినిధి కావాలా?

అయినా ఆ బొమ్మని వదులుకోం. ఆ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయే. ‘ఓర్నాన్ దృశ్యం’లో అందంగా నిలబడ్డ కొండా, ముసలాయన సుత్తి కింద పగిలే రాయీ ఒక్క జాతివే. ఆ రాయిని పగలగొట్టే చేతుల్ని పక్కన పెట్టుకుని చూస్తే ఈ ప్రశాంతత మనల్ని అంత తేలిగ్గా జోకొట్టలేదు.

కూలీల బొమ్మ 1945లో, యుద్ధకాలంలో, డ్రెస్డెన్‌లో నాశనమైంది. ఫోటోలు మిగిలాయి. ఓర్నాన్ దృశ్యాన్ని క్లాసులో చూపించే టీచర్లు ఆ ఫోటో కూడా పక్కన పెట్టండి. ముందు కొండ చూపించండి, తర్వాత సుత్తి.