పరీక్షిదుపాఖ్యానము - వ్యాధివార్తానివేదనము

చెన్నూరు గోదావరీతీరగ్రామము. అచట నది యుత్తరవాహిని. 2016 వఱకు నాదిలాబాదు జిల్లాలోను, పిమ్మట మంచిర్యాల జిల్లాలోను జేరిన యీ యూరికిఁ బోతన పేరు చిరపరిచితము. పోతన చరిత్రమను మహాకావ్యమును రచించిన వానమామలై వరదాచార్యులు (1912-1984) నివసించిన యూరది. ఇట్టి యూళ్లలో నొక యింటికి హైదరాబాదునుండి, కడుపులోని గడ్డ కేన్సరని వైద్యులు నిర్ణయించిన వార్త వచ్చినపుడు, పెద్దలు మొదట స్మరించునది పరీక్షిత్తు కథయే. ఏడుదినములే మిగిలెనని తెలిసియు నా రాజు మందు కోరలేదు, హరికథ విన్నాఁడు. కావున రోగియు నట్లే చేయవలయునని చెప్పుదురు. కొందఱు మఱియొక మార్గము త్రొక్కుదురు: వైద్యుని కాగితమును దాఁచి, రోగికి వ్యాధినామమే తెలియనీయరు. మొదటివారి మాటకుఁ బరీక్షిదుపాఖ్యానమున నాధారము కలదా, రెండవవారి మౌనమునకు శాస్త్రసమ్మతి కలదా యనునది విచార్యము.

పరీక్షిత్తు కథ యిరుదెసలఁ జెప్పఁబడినది. భారతాదిపర్వమున, కొడుకు శృంగి శపించెనని విని శమీకుఁడు మిగుల వగచి, తన శిష్యుఁడగు గౌరముఖునిఁ బిలిచి రాజునొద్ద కంపెను. ఇది గమనింపఁదగినది. శాపమిచ్చినవాని తండ్రియే శపింపఁబడినవానికి నిజము చెప్పించెను. ఏల? రాజు భయపడి క్రుంగుటకుఁ గాదు. జాగరూకుఁడై తన్ను రక్షించుకొనుటకు. రాజు మంత్రులతో నాలోచించి యేకస్తంభహర్మ్యము గట్టించి, వైద్యులను, ఓషధులను, మంత్రవేత్తలను జేర్చుకొనెను. మూలమున నీ ప్రయత్నమునకు నిందావాక్య మొక్కటియు లేదు.

మఱి రాజెట్లు చెడెను? కశ్యపుఁడను విషవైద్యుఁడు రాజును బ్రదికింప వచ్చుచుండఁగాఁ ద్రోవలోఁ దక్షకుఁ డెదురయ్యెను. తక్షకుఁడు కఱచి దగ్ధము చేసిన మఱ్ఱిచెట్టును గశ్యపుఁడు తిరిగి చిగిరింపఁజేసెను. అంతటి విద్య గలవాఁడు, రాజున కాయువు తీఱినదని తలఁచి, తక్షకుఁ డిచ్చిన ధనము గొని మరలిపోయెను. ఏడవనాఁటి సాయంకాలమున రాజు భయము తీఱెనని నవ్వుచు, ఫలములోని పురుగును దన మెడపైఁ బెట్టుకొనెను. కావున భారతమున వైద్యము విఫలము కాలేదు, చేరవలసినచోటికిఁ జేరలేదు. రాజునందలి దోషము వైద్యులను బిలుచుట కాదు, తుదిగడియ నేమఱుట.

భాగవతమున నిదే కథ వేఱొక వెలుఁగునఁ గానవచ్చును. ప్రథమస్కంధాంతమున రాజు జనమేజయునకు రాజ్య మొప్పగించి, గంగ దక్షిణపుగట్టున దర్భలపై నుత్తరాభిముఖుఁడై కూర్చుండెను. మునులు దమంతఁ దామే వచ్చి చుట్టుఁ జేరిరి. రాజు వారి నడిగినది ప్రాణరక్షణము గాదు. చనిపోవువాఁడు చేయఁదగిన దేమియని. అంతట శుకుఁడు వచ్చెను. పోతన తెనుఁగున నీ ఘట్టమునఁ గరఁగని మనసు లేదు. అయినను దీనినిఁ బట్టి భాగవతము వైద్యమును నిరాకరించెననుట పొరపాటు. సంస్కృత భాగవత ద్వాదశస్కంధమునఁ గశ్యపుఁడు మరలఁ గానవచ్చును. తక్షకుఁడు ధనమిచ్చి యాతని మరలించుటయుఁ జెప్పఁబడెను. వైద్యునిఁ ద్రోవలో నాఁపినవాఁడు రెండు గ్రంథములందును దక్షకుఁడే; రాజు గాఁడు, శుకుఁడును గాఁడు.

ఇఁక మౌనపక్షము. దీనికిఁ జరకసంహిత యింద్రియస్థానాంతము నాధారముగాఁ జూపుదురు. మరణచిహ్నములను గనిపెట్టిన వైద్యుఁ డడుగనిచో మరణవార్త చెప్పరాదనియు, అడిగినను రోగికో యితరులకో కీడు గలిగించునెడఁ జెప్పరాదనియు నచట నున్నది. వచన మున్నమాట నిజమే. కాని నిషేధింపఁబడినది మరణకథనము, వ్యాధినామకథనము గాదు. ఈ రెండును బర్యాయపదములని యెవరును జెప్పలేదు. సుశ్రుతుఁడు నిదానస్థానము 11వ యధ్యాయమున, గుండ్రనై, కదలక, కొలఁదినొప్పితో మెల్లఁగాఁ బెరుఁగుచుఁ బక్వముగాని మాంసోపచయమున కర్బుదమని పేరిడి, దోషదుష్టిని హేతువుగాఁ జెప్పెను, శాపమని యనలేదు. మఱియు రక్తమాంసార్బుదముల నసాధ్యములని, కొన్నింటిని సాధ్యములని విభజించెను. పేరొక్కటియైనను ఫల మొక్కటి గాదన్నమాట. కావున నర్బుదమని చెప్పుట మరణమని చెప్పుట గాదు. నేఁటి వైద్యులును వ్యాధిజాతిని, అది వ్యాపించిన మేరను బరీక్షించిన పిదపనే ఫలము నూహింతురు.

పరీక్షిత్తునకు గడువు శాపనిశ్చితము. రోగి కట్టి నిశ్చయ మెవ్వరిచ్చిరి? దృష్టాంతము చెల్లవలెనన్న సాధర్మ్యము వలయును. ఇచట నది యీ యంశమున లోపించినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) నాయకత్వమున రూపొందిన అమినోప్టెరిన్ అను మందును సిడ్నీ ఫార్బరు రక్తపుఁ గేన్సరు సోఁకిన బిడ్డల కొసఁగి, కొందఱియందుఁ గలిగిన తాత్కాలికోపశమనమును 1948లోఁ బ్రకటించెను. ఆ తెగలోనిదే యగు మెథోట్రెక్సేటు నేఁటికిని వాడుకలో నున్నది. మెహదీ నవాజ్ జంగు పేర హైదరాబాదునఁ గేన్సరు వైద్యశాల 1955లో వెలసెను. చెన్నూరువారి కది దూరమే కాని యగమ్యము గాదు.

ఇట్లు రెండు కథలను గలిపి చదివినప్పుడే యుపాఖ్యానము సమగ్రము. భారతమునుండి శమీకుని సత్యకథనమును, మంత్రుల సహాయమును, ఏమఱుపాటునకుఁ గలుగు కీడును గ్రహింపవలయును. భాగవతమునుండి కొడుకున కిల్లప్పగించు నెమ్మదిని, పిలువకయే వచ్చి చుట్టుఁ గూర్చుండు సజ్జనులను, అడుగుటకు వెఱవని ప్రశ్నను గ్రహింపవలయును. ఆ ప్రశ్న యడుగుట కైనను రోగికి నిజము తెలియవలెను గదా! దాఁచినవారు రోగికి శోకము తప్పించితి మనుకొందురు. వాస్తవమున నాతని నొంటరిఁ జేయుదురు. హరికథయు నౌషధమును నొకదాని కొకటి విరోధులు గావు. తక్షకుఁడు త్రోవలో నాఁపిన వైద్యుని, ఇంటివారు భక్తిపేర వాకిట నాఁపరాదు.