పైరు వెళ్ళిన దారి, పదం వచ్చిన దారి

మధ్యయుగపు ముస్లిం సమాజాల వ్యవసాయంపై ఆండ్రూ వాట్సన్ 1983లో ప్రకటించిన గ్రంథం ఇప్పటికీ చర్చనీయమే. చెరకు, పత్తి, వంగ, నారింజ వంటి పంటలు భారతదేశం వైపునుంచి పర్షియా, అరబ్బు దేశాల మీదుగా స్పెయిన్ దాకా వ్యాపించిన వైనాన్ని ఆయన క్రీ.శ. 700–1100 మధ్య జరిగిన విప్లవంగా నిరూపించబూనారు. పత్తి, వరి వంటివి ఇస్లాముకు ముందే మధ్యధరా ప్రాంతానికి తెలుసునని మైకెల్ డెకర్ 2009లో ఆక్షేపించారు. ఆ వివాదం కాలనిర్ణయానికి సంబంధించినది. మా ఆక్షేపణ వేరు. వాట్సన్ దృష్టిలో మన దేశం పంటలు బయలుదేరిన రేవు మాత్రమే. తిరుగుదారిలో ఇక్కడికి ఏమి చేరిందన్నది ఆయన పరిధిలోకి రాలేదు.

వెళ్ళిన దారికి పదాలే సాక్ష్యం. సంస్కృత వాతింగణం పర్షియన్‌లో బాదింగాన్, అరబ్బీలో బాదింజాన్, పోర్చుగీసులో బెరింజేలా అయి, బ్రింజాల్‌గా మన ఇంగ్లీషులోకి తిరిగివచ్చింది. వంగతోట వేసేవారికి మాత్రం అది వంకాయే.

వచ్చిన దారిని బళ్ళారి నల్లరేగడిలో నిలబడి చూడాలి. మేడి, కాడి, గొర్రు, గుంటక అన్నీ దేశ్యాలే. గుంటకను పక్కచేలోని కన్నడిగుడు కుంటె అంటాడు. కార్లు ముంగారి, హింగారి. అంటే ముందు కారు, వెనక కారు. హింగారిలోని హకారం కన్నడానిది. కచేరీ గడప దాటితే ఇవే ఖరీఫ్, రబీ అవుతాయి. అరబ్బీలో వాటి అర్థం శరత్తు, వసంతం. ఫసలీ, జమాబందీ, తహసీలు కూడా ఆ కోవలోవే. చేలో మాట దేశ్యం, లెక్కలో మాట అన్యదేశ్యం.

దీన్నిబట్టి ఆ పాలకులు శిస్తు తప్ప సేద్యజ్ఞానమేదీ తేలేదనడం తొందరపాటు. బీదరులో బహమనీల నాటి కారేజు, అంటే భూగర్భ నీటికాలువ, పర్షియా పరిజ్ఞానమే. మొక్కల పెంపకాన్ని వివరించే పర్షియన్ గ్రంథం నుస్ఖా దర్ ఫన్-ఎ-ఫలాహత్ 2000లో సికింద్రాబాదు నుంచి ఇంగ్లీషులో వెలువడింది. పదం రాకపోయినా పని రావచ్చు. పదం వచ్చినంత మాత్రాన పని వచ్చిందనీ చెప్పలేం.

రైతు అన్న మాటనే చూద్దాం. దాని అరబ్బీ మూలానికి కాపరి మేపే మంద అని, ఆపై ఏలుబడిలోని ప్రజ అని అర్థం. 1800 నుంచి దత్తమండలాల్లో మన్రో నడిపిన రైతువారీ లెక్కలు ఆ మాటను పాతుకునేలా చేశాయి. అయితే తెలుగు, కన్నడం రెండూ దానికి తమ అర్థమే ఇచ్చుకున్నాయి. రైతంటే ఇప్పుడు మందలో ఒకడు కాడు, దున్నేవాడు. ఆదానమంటే అరువు మాత్రమే కాదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం ఆంధ్రప్రదేశ్‌కు పరిమితం. 1953లోనే మైసూరులో చేరిన బళ్ళారి అందులో లేదు. ట్రాక్టరుతో గొర్రు, గుంటక మూలపడుతున్నాయి, వాటితోపాటే మాటలూ. రాష్ట్రం వెలుపలి విద్యార్థులు ఈ సేకరణకు పూనుకోవాలి. పదాన్ని రాసుకునేటప్పుడు అది చేలో విన్నదో, కచేరీలో విన్నదో కూడా పక్కనే రాసుకోవాలి.