ముందు కమాను లెక్క

రేసు కారు సస్పెన్షన్ గురించి మాట్లాడాలంటే మనవాళ్లు హైదరాబాద్ దాకా వెళ్తారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి కాబట్టి అదీ సబబే. కానీ ముందు చక్రాల మీద పడే బరువును ఉక్కుతో ఎలా మోయించాలి, ఎంత కుంగనివ్వాలి అన్న లెక్కను రోజూ వేసే చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. విజయవాడ హైవే మీదున్న సూర్యాపేట, కోదాడ, అలాగే బియ్యం మిల్లుల ఊరు మిర్యాలగూడ. అక్కడ లారీలకు కమాన్లు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగు కట్టలు, కట్టే షాపుల్లో జరిగేది ఈ పనే.

కమాను కట్టకూ రేసుకూ సంబంధమేమిటని అనుకోవచ్చు. 1952, 1953లో ఆల్బెర్తో అస్కారీ ప్రపంచ చాంపియన్ అయింది ఫెరారీ 500 మీద. ఆ కారు ముందు చక్రాలను మోసింది అడ్డంగా బిగించిన కమాను పట్టీల కట్టే. ఆ తర్వాత రేసు కార్లు చుట్టల స్ప్రింగులకు, టోర్షన్ బార్లకు మారిపోయాయి. లారీ మాత్రం కమానును వదల్లేదు, ఎందుకంటే పట్టీలు బరువు మోయడమే కాదు, ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచేదీ అవే. ఒకదానిమీద ఒకటి రాసుకునేటప్పుడు ఊగుడును కూడా కొంత అణుస్తాయి.

పని మొదలయ్యేది విప్పడంతో. ఛాసిస్‌ను జాకీ మీద లేపి, చెక్క దిమ్మెలు పెట్టి, తుప్పు పట్టిన యు బోల్టులను వేడిచేసి వదులు చేస్తారు. సెంటర్ బోల్టు తీసేముందు కట్టను క్లాంపులో గట్టిగా బిగించాలి. లేకపోతే అణిగి ఉన్న పట్టీలు ఎగిరి మనిషి మీదికొస్తాయి. తర్వాత ఒక్కో పట్టీనీ కిరోసిన్‌తో కడిగి, తుడిచి, సుద్దపొడి చల్లి చూస్తారు. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ పొడిమీదికి సన్నని తడిగీతగా ఊరుతుంది. చాలా పగుళ్లు సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే మొదలవుతాయి. పగిలినదాన్ని వెల్డింగ్ చేసి సర్దే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది తప్పు. వెల్డింగ్ వేడికి ఉక్కు పదును పోతుంది.

అసలు నేర్పు వంపు తేవడంలో ఉంది. కూర్చున్న పట్టీని రెండు దిమ్మెలమీద ఆనించి, లోవంపు వైపు నుంచి సమ్మెటతో కొడుతూ జరుపుతారు. కొలిమిలో ఎర్రగా కాల్చితే పని తేలిక. కానీ ఆ పట్టీని మళ్లీ నూనెలో ముంచి, సుమారు 450 నుంచి 500 డిగ్రీల దగ్గర పదును సర్దకపోతే రెండో లోడుకే మళ్లీ కూర్చుంటుంది. ఇంకో సూక్ష్మం: కింది పొట్టి పట్టీకి పైదానికంటే ఎక్కువ వంపు ఉండాలి. విడిగా పెడితే రెంటి మధ్య సందు కనిపించాలి. సెంటర్ బోల్టు బిగిస్తే ఆ సందు మూసుకుని, కింది పట్టీలు అన్నిటికంటే పైనున్న మెయిన్ పట్టీ భారాన్ని ముందే కొంత పంచుకుంటాయి. సందు లేని కట్ట చూడ్డానికి బాగుంటుంది, మెయిన్ పట్టీ మాత్రం తొందరగా విరుగుతుంది.

ఇక ఓనర్లు అడిగేది ఒకటే: "ఇంకో పట్టీ వెయ్యి." ఎనిమిది పట్టీల కట్టకు అదే కొలతలో నిండు పొడవు పట్టీ ఇంకొకటి కలిపితే బిగువు 12 శాతానికి పైగా పెరుగుతుంది. పట్టీలన్నిటి మందం 10 మిల్లీమీటర్ల నుంచి 12కు మార్చారనుకోండి, బిగువు ఏకంగా 70 శాతానికి పైగా పెరుగుతుంది. బిగువు మందానికి ఘనంగా మారుతుంది కాబట్టి. అంతేకాదు, మందపు పట్టీ అంతే వంపు తిరిగితే దానిలో ఒత్తిడి కూడా 20 శాతం ఎక్కువ. కనుక బిగువంటే బలం కాదు.

వెనక కమాను సంగతి వేరు, ఖాళీ బండికీ నిండు లోడుకూ అక్కడ తేడా చాలా ఎక్కువ. అందుకే లోడు పెరిగినప్పుడు తోడుపడే హెల్పర్ కట్ట ఉంటుంది. ముందు ఇరుసు మీద ఆ తేడా తక్కువ, పైగా స్టీరింగ్ అక్కడే ఉంది. ముందు అతిగా బిగిస్తే గుంతల్లో చక్రం నేల వదిలి ఎగురుతుంది, నేల వదిలిన టైరును తిప్పినా బండి తిరగదు, బ్రేకూ పట్టదు. రేసు కారులోనూ ముందు బిగువు పెంచితే మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. అక్కడి ఇంజినీరు, ఇక్కడి మేస్త్రీ వేసేది ఒకే బేరం. నన్నడిగితే మంచి మేస్త్రీ అంటే వద్దని చెప్పగలిగినవాడే.

కట్ట ఎత్తు పెరిగితే ఇరుసు వాలు కూడా మారుతుంది. దాన్ని సరిచెయ్యడానికి ఇరుసుకూ కట్టకూ మధ్య కోసుగా ఉండే ఉక్కు పలకను ఇరికిస్తారు. రెండు వైపులా ఎత్తు కొలిచి చూడాలి. ఒక వైపు కుంగితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. చివరికి బండిని చక్రాల మీద దించాకే యు బోల్టుల ఆఖరి బిగింపు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగించాలి. ఆ రెండోసారి చాలామంది డ్రైవర్లు రారు, వచ్చే లోడు వాళ్లను ఆగనివ్వదు.

కొత్త లారీల్లో చాలావాటికి ముందు పారాబోలిక్ కమాన్లు వస్తున్నాయి. రెండో మూడో పట్టీలే ఉంటాయి, మందం మధ్యలో ఎక్కువై చివరలకు తగ్గుతూ పోతుంది. రాపిడి తక్కువ, ప్రయాణం మెత్తన. కానీ వాటిని సమ్మెటతో సర్దడం కుదరదు, ఒకటి విరిగితే కట్టంతా మార్చడమే మేలు. కొలిమి ఉన్న షాపులకు ఇక మిగిలేది పాత లారీలు, టిప్పర్లు, ధాన్యం మోసే ట్రాక్టర్ ట్రాలీలు.