విజువల్ నవలలో నేపథ్యసంగీత మార్పిడి: ఔచిత్య పరిశీలన

వ్యాససంగ్రహం

తెరమీద బొమ్మ, దానిపై వాక్యాలు, వెనుక సంగీతం కలిసి నడిచే డిజిటల్ కథారూపం విజువల్ నవల. నేపథ్యసంగీతం బలహీనంగా తోచినప్పుడు పాఠకులు దాన్ని తొలగించి, తమకు నచ్చిన బాణీలను పెట్టుకొని చదవడం కనిపిస్తుంది. ఈ మార్పిడి ఎప్పుడు ఉచితం, ఎప్పుడు రసభంగహేతువు అనే విషయాన్ని నాట్యశాస్త్రంలోని ధ్రువాగాన విభాగం, అలంకారికుల ఔచిత్యభావన ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’, ‘హిగురాషి నో నాకు కోరో ని’ అనే రెండు రచనలు ఇక్కడ ఉదాహరణలు.

కీలకపదాలు: విజువల్ నవల, నేపథ్యసంగీతం, ధ్రువ, ఔచిత్యం, రసభంగం, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం

ఈ ప్రక్రియ జపాన్‌లో పుట్టింది. చున్‌సాఫ్ట్ సంస్థ 1992లో ‘ఒతొగిరిసో’ను వెలువరిస్తూ దాన్ని ‘సౌండ్ నవల’గా పేర్కొంది. లీఫ్ సంస్థ 1996లో ‘షిజుకు’తో ‘విజువల్ నవల’ అనే పేరును ముందుకు తెచ్చింది. చిత్రం కన్నా ముందు ధ్వని పేరుతోనే గుర్తింపు పొందిన ప్రక్రియ ఇది. కాబట్టి ఇందులో సంగీతాన్ని అలంకారమాత్రంగా భావించడం తగదు. అయితే అలంకారం కానంతమాత్రాన అది మార్చరానిదని కూడా చెప్పలేం. ఈ రెండింటి మధ్య హద్దును నిర్ణయించడమే ఇక్కడి సమస్య.

2. బలహీనత ఎక్కడిది?

చలనచిత్ర సంగీతకర్తకు సన్నివేశం నిడివి సెకన్లతో సహా తెలుసు. విజువల్ నవల సంగీతకర్తకు ఆ సౌకర్యం లేదు. మీట నొక్కితేనే తరువాతి వాక్యం వస్తుంది గనుక సన్నివేశం నిడివిని పాఠకుడి చదువు వేగమే నిర్ణయిస్తుంది. అందువల్ల ఒక చిన్న బాణీని మళ్లీ మళ్లీ ఆవర్తింపజేయడం ఇక్కడి పద్ధతి. జపనీయ రచనను ఆంగ్లానువాదంలో నెమ్మదిగా చదివే తెలుగు పాఠకుడు, మూలభాషలో వేగంగా చదివేవాడికన్నా ఆ బాణీని ఎక్కువసార్లు వింటాడు. మొదటివాడికి విసుగు కలిగించిన బాణీ రెండవవాడికి అసలు గుర్తుకే రాకపోవచ్చు.

కనుక సంగీతం బలహీనమనే తీర్పులో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. బాణీ స్వతహాగా పేలవం కావడం మొదటిది. చదువు వేగం వల్ల పునరుక్తి పెరగడం రెండవది. కథాప్రయోజనం కోసం రచయిత కావాలనే తేలికైన బాణీని వాడడం మూడవది. మార్పిడి మొదటి లోపానికి పరిష్కారం కాగలదు. రెండవదానికి ధ్వనిని తగ్గించుకోవడం చాలు. మూడవది లోపమే కాదు.

3. ధ్రువలు చేసే పని

సంగీతం సన్నివేశంలో ఏ పని చేస్తున్నదో తేల్చడానికి భరతుడి ధ్రువావిభాగం నేటికీ ఉపకరిస్తుంది. పాత్ర రాకను సూచించేది ప్రావేశికి. నిష్క్రమణను సూచించేది నైష్క్రామికి. నడుస్తున్న రసాన్ని దాటించి మరొక రసాన్ని తెచ్చేది ఆక్షేపికి. చెదిరిన చిత్తాన్ని తేటపరిచేది ప్రాసాదికి. ప్రయోగంలో ఏర్పడిన వెలితిని కప్పేది అంతర. ఈ విభజనకు ఆధారం పాట మాధుర్యం కాదు, నాట్యంలో దానికున్న ప్రయోజనం.

విజువల్ నవలలో ఒక్కొక్క పాత్రకు కేటాయించిన బాణీ ప్రావేశికి పని చేస్తుంది. హాస్యం నుంచి భయానకానికి మలుపు తిప్పే బాణీ ఆక్షేపికి. రెండు ఘట్టాల నడుమ కాలక్షేపంగా నడిచే బాణీ అంతర వంటిది. అంతర స్థానంలోని బాణీని మార్చినా కథకు పెద్ద నష్టం లేదు. ప్రావేశికిని మారిస్తే పాత్రను గుర్తించే ఒక ఆనవాలు పోతుంది. ఆక్షేపికిని మారిస్తే మలుపే పోతుంది. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదన్న ఆనందవర్ధనుడి సిద్ధాంతం ఇక్కడ అన్వయిస్తుంది. కొత్త బాణీ ఎంత మధురమైనా స్థానం తప్పితే అనుచితమే. నడుముకు చుట్టుకున్న హారం వంటిదని క్షేమేంద్రుడి మార్గంలో చెప్పవచ్చు.

4. ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’: బలహీనతే బలం

డాన్ సాల్వాటో 2017లో వెలువరించిన ఈ రచన పాఠశాలలోని సాహిత్యసంఘం కథగా మొదలవుతుంది. తొలిభాగంలోని బాణీలు తీపిగా, తేలికగా, ఏ ప్రత్యేకతా లేనట్లుగా ఉంటాయి. కవితలు పంచుకొనే ఘట్టంలో ఒకే బాణీ ఒక్కొక్క అమ్మాయికి ఒక్కొక్క వాద్యచ్ఛాయతో వినిపిస్తుంది. కథ భయానకంలోకి జారిన తరువాత ఆ పరిచిత సంగీతమే శ్రుతి చెడి వికృతంగా వినిపిస్తుంది. వికృతి తెలియాలంటే ప్రకృతి ముందే చెవికి పట్టి ఉండాలి. తొలి గంటలోనే విసుగుపడి ఆ బాణీలను తీసివేసిన పాఠకుడికి తరువాతి అపశ్రుతి కేవలం అపశ్రుతిగానే మిగులుతుంది. రచయిత నాటిన విత్తనాన్ని కలుపుమొక్కగా భావించి పీకివేసినట్లే అవుతుంది.

5. ‘హిగురాషి’: మూలమే మారినప్పుడు

ర్యూకిషి07 నేతృత్వంలోని సెవెంత్ ఎక్స్‌పాన్షన్ బృందం ఈ రచన తొలిభాగాన్ని 2002లో విడుదల చేసింది. 1983 నాటి హినమిజావా అనే కల్పితగ్రామం ఇందులోని కథాస్థలం. హిగురాషి అంటే సంధ్యవేళ అరిచే ఒక రకం సికాడా కీటకం. కీటకాల రొదకు శీర్షికలోనే చోటిచ్చిన ఈ రచనలో సంగీతమూ నిశ్శబ్దమూ కూడా అర్థవంతాలే. పరిమిత వనరులతో తయారైన తొలి భాగాల్లో ఇతరులు ఉచితవినియోగానికి అందించిన బాణీలకు ప్రధానస్థానం ఉంది. 2015 నుంచి వెలువడిన కొత్త ఆంగ్ల ప్రచురణలో కొన్ని బాణీలు మారాయి. అభిమానులు రూపొందించిన మార్పుల ప్యాకేజీ పాత సంగీతాన్ని తిరిగి ఎంచుకొనే వీలు కల్పించింది.

ఇక్కడ మార్పిడి అర్థం తలకిందులైంది. ప్రచురణలోనే సంగీతం మారగా, పాఠకుడు చేసిన మార్పిడి మూలపాఠాన్వేషణ అయింది. పాత సంగీతమే ఉత్తమమని దీనివల్ల తేలదు. ఒకే కథకు సంగీతపాఠభేదాలు ఉన్నాయని మాత్రం తేలుతుంది. తాళపత్రప్రతుల్లో పాఠభేదాలను నమోదు చేసే పరిశోధకుడు, ఏ సంగీతంతో చదివాడో చెప్పకుండా ఈ రచనలోని భయానకరసాన్ని నిర్ణయించబూనడం శాస్త్రీయం కాదు.

6. మార్పిడి పద్ధతులు

మార్పిడి రెండు విధాలు. నవలలోని ఒక్కొక్క సంగీతఫైలు స్థానంలో మరొకదాన్ని ఉంచడం మొదటిది. సంగీతాన్ని పూర్తిగా ఆపి, వేరే పరికరంలో పాటలు పెట్టుకోవడం రెండవది. 2004లో మొదట విడుదలైన రెన్‌పై వంటి రచనాసాధనంలో బాణీ ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో ఆదేశాలు కథాలిపిలోనే ఉంటాయి. మొదటి పద్ధతిలో బాణీ మారినా ఈ ఆదేశాలు నిలుస్తాయి. రెండవ పద్ధతిలో అవీ నశిస్తాయి. నిశ్శబ్దం రావలసిన చోట పాట సాగుతూనే ఉంటుంది. వాక్యాలను ఉంచి విరామచిహ్నాలను చెరిపివేయడం వంటిది ఇది.

సాహిత్యం ఉన్న పాటను పెడితే మరో చిక్కు ఉంది. చదివే వాక్యమూ వినిపించే వాక్యమూ ఒకే బుద్ధి కోసం పోటీపడతాయి. పరిచితమైన సినిమాపాట తన కథను కూడా వెంట తెస్తుంది. పద్యనాటకాల్లో ‘వన్స్ మోర్’ కోరిన ప్రేక్షకుడు రాగానందం కోసం సన్నివేశాన్ని ఆపించేవాడు. పాట గెలిచేది, కథ నిలిచిపోయేది. ఏకాంతంలో బాణీలు మార్చుకొనే పాఠకుడికీ ఈ ప్రమాదం ఉంది. కాకపోతే ఇతడి ‘వన్స్ మోర్’ ఇతరులకు వినిపించదు.

7. ముగింపు

సంగీతాన్ని మార్చుకొనే పాఠకుడిని అపరాధిగా చూడనవసరం లేదు. పేలవమైన బాణీ ఒక మంచి వాక్యాన్ని చెడగొడుతుంటే సహృదయుడు ఊరకుండలేడు. అయితే మొదటిసారి చదివేటప్పుడు ఆ బాణీ అంతరయో ఆక్షేపికియో తెలిసే అవకాశం లేదు. అందువల్ల తొలిపఠనంలో ధ్వనిని తగ్గించుకోవడం, మలిపఠనంలో ప్రయోజనం చూసి మార్చుకోవడం ఉచితమార్గం. విమర్శకుడికి మరొక బాధ్యత ఉంది. తాను చదివిన ప్రచురణను, అందులోని సంగీతాన్ని, తాను చేసిన మార్పును అతడు తప్పక పేర్కొనాలి. లేనప్పుడు అతడు విమర్శించే రచన, ఇతరులు చదివిన రచన ఒకటే అన్న నమ్మకానికి ఆధారం ఉండదు.