పట్టాకెక్కని చాకిరీ

అమెరికా మైదానాల్లో బంజరును సాగులోకి తెచ్చిన వలస కుటుంబాల చరిత్ర ఎవరు రాసినా ఒక మగవాడి పేరుతో మొదలవుతుంది. ఆయన ఏ ఊరి నుంచి బయలుదేరాడో, ఏ ఏట ఎక్కడ నేల పట్టాడో, ఎన్ని ఎకరాలు దున్నాడో చెప్పి, ఆ తరువాత వారసుల దగ్గరికి వెళ్లడం ఆ చరిత్రలకు పరిపాటి. ఈ అలవాటుకు వేరు చట్టంలోనే ఉంది. 1862 మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం, 21 ఏళ్లు నిండినవారికి గాని కుటుంబ యజమానికి గాని 160 ఎకరాల ప్రభుత్వ భూమిని కొద్దిపాటి రుసుముకే ఇస్తానన్నది. ఒంటరి స్త్రీలూ విధవలూ కూడా అర్హులే అయినా, పెళ్లై భర్తతో కాపురం చేస్తున్న స్త్రీ యజమాని లెక్కలోకి రాదు గనుక, కుటుంబమంతా కలిసి సాగుచేసిన నేలకు కాగితం మీద ఒక్క పేరే మిగిలింది. 1986లో అలాస్కాలో కూడా ఈ పథకం ముగిసే నాటికి దాదాపు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు, అంటే ఆ దేశ విస్తీర్ణంలో పదో వంతు నేల, ఈ పద్ధతిలో చేతులు మారాయి.

ఆ పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి. ప్రభుత్వ సర్వేయర్లు మైదానాన్ని ఆరు మైళ్ల చదరాలుగా కోసి, ఒక్కో చదరాన్ని 36 సెక్షన్లుగా విభజించారు. సెక్షన్ అంటే 640 ఎకరాల చదరపు మైలు, అందులో నాలుగో వంతే ఒక కుటుంబానికి దక్కే 160 ఎకరాలు. భూమి కార్యాలయంలో దరఖాస్తు పెట్టి ఆ ముక్కను తన పేర రాయించుకోవడాన్ని క్లెయిమ్ వేయడం అనేవారు. అది హక్కు కాదు, అవకాశం మాత్రమే. అయిదేళ్లు అక్కడ నివాసముండి, ఇల్లు కట్టి, నేల సాగుచేసి, ఆ సంగతిని ప్రమాణపూర్వకంగా రుజువు చేసుకున్నాకే పట్టా వచ్చేది. ఈ రుజువునే అక్కడి జనం ‘ప్రూవింగ్ అప్’ అన్నారు. తన రుజువుకు సాక్షులుగా రాగల నలుగురి పేర్లతో ముందుగా స్థానిక పత్రికలో ప్రకటన వేయించి, వారిలో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లిన ఆసామిని అధికారి అచ్చు ఫారం పట్టుకుని ప్రశ్నించేవాడు. ఇల్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, ఎన్ని పంటలు తీశారు, ఎన్నాళ్లు ఊళ్లో లేరు అన్నవి ఆ ప్రశ్నలు. దున్నిన ఎకరాలు లెక్కకు వచ్చేవి. దున్నేవాడికి అన్నం పెట్టిన చేతులు, పంట పోయిన ఏడు కూలి డబ్బుతో ఇల్లు నిలిపిన చేతులు ఎవరివో అడిగే గడి ఆ ఫారంలో లేదు.

ఆ గడిలో రాయవలసిందేమిటో తెలియజెప్పగల కుటుంబం ఒకటుంది. ‘లిటిల్ హౌస్’ పుస్తకాల ద్వారా లోకమంతటికీ తెలిసిన ఇంగల్స్ కుటుంబం అది. దాని కథను చార్ల్స్ ఇంగల్స్‌తో గాక ఆయన అత్తగారితో మొదలుపెట్టడం న్యాయం. 1845లో మిషిగన్ సరస్సులో ఓడ మునిగి భర్త చనిపోతే, షార్లట్ క్వైనర్ పసిపిల్లలను వెంటబెట్టుకుని కొన్నేళ్లకు విస్కాన్సిన్‌లోని కాంకర్డ్ దగ్గర అడవి నేలకు చేరుకున్నది. ఆకలి అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలిసిన బిడ్డ క్యారొలైన్, చదువుకుని పంతులమ్మగా పనిచేసి, 1860లో పొరుగు కుటుంబానికి చెందిన చార్ల్స్‌ను పెళ్లాడింది. ఆయన వడ్రంగం, వేట, ఫిడేలు ఎరిగినవాడు, ఒకచోట నిలకడగా ఉండలేనివాడు. ఆ తరువాతి ఇరవై ఏళ్లలో ఈ సంసారం విస్కాన్సిన్ నుంచి కాన్సాస్‌కు, తిరిగి విస్కాన్సిన్‌కు, అక్కడి నుంచి మినసోటాకు, అయోవాకు, మళ్లీ మినసోటాకు, చివరకు డకోటా టెరిటరీకి తిరిగింది. టెరిటరీ అంటే ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం.

ఈ తిరుగుళ్లలో కాన్సాస్ మజిలీ దగ్గర ఆగక తప్పదు. 1869లో వారు గుడిసె వేసుకున్న చోటు హోమ్‌స్టెడ్ భూమి కానే కాదు, ఓసేజ్ జాతివారికి ఒప్పందం ప్రకారం మిగిలిన రిజర్వు నేల. మూడో కూతురు క్యారీ 1870లో అక్కడే పుట్టింది. ఆ ఏడాదే ఓసేజ్‌లు తమ నేల వదిలి దక్షిణాన ఇండియన్ టెరిటరీకి తరలిపోవడానికి ఒప్పుకోవలసి వచ్చింది. బంజరు అన్న మాట ఎవరి నోట వస్తున్నదో చూడకుండా ఈ చరిత్ర చదవడం తప్పు. ఇంగల్స్ కుటుంబం పేదది, కష్టపడింది, దాని మీద గౌరవం కలగక మానదు. అయినా వారి నాగలి దిగిన నేల ఖాళీగా లేదన్నది, ఆ గౌరవంతో పాటే చెప్పవలసిన నిజం.

మినసోటాలో ప్లమ్ క్రీక్ ఒడ్డున వేసిన గోధుమను 1875లో మిడతల దండు తినేసింది. పెట్టిన గుడ్లు మరుసటి ఏడు పొదిగితే ఇక పంట ఆశ లేదని వారు అయోవాలోని బర్ ఓక్ చేరి ఒక హోటల్లో పనికి కుదిరారు. దారిలో, 1876 ఆగస్టులో, తొమ్మిది నెలల మగబిడ్డ చనిపోయాడు. 1879లో పెద్దకూతురు మేరీ జబ్బు చేసి చూపు పోగొట్టుకుంది. చార్ల్స్ డకోటాలోని డి స్మెట్ దగ్గర క్లెయిమ్ వేసింది 1880 ఫిబ్రవరిలో. అంటే హోమ్‌స్టెడ్ పట్టాకు ఆయన మొదటి అడుగు పెళ్లైన ఇరవై ఏళ్లకు పడింది. ఆ ఏటి చలికాలమే డకోటాలో ‘కఠిన శీతకాలం’గా పేరుపడినది.

1880 అక్టోబరు నడిమికే తొలి మంచు తుపాను కొట్టింది. కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది రోజులకే ఆగిపోయిన రైళ్లు మళ్లీ మే నెలలోగాని రాలేదు. క్లెయిమ్ మీది పలచని పాకలో చలికాలం గడవదని కుటుంబం పట్నంలోని తమ కట్టడంలోకి మారింది గాని, అక్కడా బొగ్గు అయిపోయింది, పిండి అయిపోయింది, కిరోసిన్ అయిపోయింది. చెట్టు లేని మైదానం గనుక కట్టెలు దొరికే వీలు లేదు. నీటి పల్లాల్లో కోసి వాము వేసిన గడ్డే దిక్కైంది. గడ్డి మంట క్షణంలో ఆరిపోతుంది గనుక దాన్ని కర్రగా మార్చాలి: చేతికి పట్టినంత గడ్డిని మోకు పేనినట్టు మెలితిప్పి, మెలి బిగిసి తనకు తానే మడత పడబోయేదాకా తిప్పి, నడిమికి వంచి, రెండు పాయలు ఒకదానినొకటి చుట్టుకున్నాక కొసలను ఆ బిగువులోనే దోపాలి. గట్టి గడ్డి అంచులు అరచేతులు కోసేవి. ఒక కర్ర పేనేలోపల ముందుది కాలిపోయేది. తండ్రితో సమంగా పదమూడేళ్ల రెండో కూతురు లారా ఈ పని చేసింది. ఇంట్లో విత్తనపు గోధుమ తప్ప తిండిగింజ లేనప్పుడు క్యారొలైన్ కాఫీ గింజలు మర చేసే చిన్న తిరుగలిలో గోధుమలు పోసి, చారెడు చారెడుగా పిండి తీసింది. ఆ పిండి ఒక పూట రొట్టెకు చాలాలంటే తిరుగలి పిడి రోజంతా తిరుగుతూ ఉండాలి. చూపు లేని మేరీ, పదేళ్ల క్యారీ, తల్లి వంతులు వేసుకుని దాన్ని తిప్పారు. చూపు అక్కర్లేని పని గనుక మేరీ వంతే ఎక్కువసేపు నడిచి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

1886లో చార్ల్స్ తన రుజువు సమర్పించి హక్కు సంపాదించాడు. మధ్యలోని ఆ ఆరేళ్లలో ఇంట్లోకి డబ్బు ఎలా వచ్చిందో చూస్తే పొలం వాటా చిన్నదే. ఆయన వడ్రంగానికి వెళ్లాడు. లారా పట్నంలో చొక్కాలు కుట్టింది, 1883 చివర బడిపంతులు పరీక్ష నెగ్గి మూడు విడతలు పాఠాలు చెప్పింది. మేరీని అయోవాలోని వింటన్‌లో అంధుల కళాశాలకు పంపినప్పుడు బోధన ఖర్చు టెరిటరీ ప్రభుత్వం భరించినా, బట్టలకూ ప్రయాణానికీ ఇంటిదే భారం. ఆ భారంలో పదహారేళ్ల పిల్ల జీతం కలిసింది. చలికి వణికే పల్లె బడిలో, ముక్కూమొహం ఎరుగని ఇంట్లో బస చేసి సంపాదించిన ఆ డాలర్లు ఏ రుజువు ఫారంలోనూ సాగు కింద జమ కాలేదు. అయినా అవి లేకుండా ఆ 160 ఎకరాలు నిలిచేవని నమ్మడానికి ఆధారం కనిపించదు. ఇన్ని పాట్లతో దక్కిన ఆ నేలను చార్ల్స్ 1892లో అమ్మేశాడు, అప్పటికే కుటుంబం పట్నంలో ఆయన కట్టిన ఇంట్లో కాపురముంటున్నది.

రెండో తరంలోనూ లెక్క మారలేదు. లారా 1885 ఆగస్టులో పెళ్లాడిన అల్మాంజో వైల్డర్‌కు ఒక హోమ్‌స్టెడ్, దానితో పాటు ‘ట్రీ క్లెయిమ్’ అనే మరో 160 ఎకరాలు ఉండేవి. చెట్లు పెంచితే వాన కురుస్తుందన్న నమ్మకంతో 1873లో చేసిన చట్టం కింద, పది ఎకరాల మేర మొక్కలు నాటి బతికించినవారికి ఇచ్చే భూమి అది. వాన చట్టాన్ని వినలేదు, మొక్కలు ఎండాయి. కోతకు వచ్చిన గోధుమను వడగళ్లు నేలకు కొట్టాయి. కొత్త ఇంటి మీద 500 డాలర్ల బాకీ ఉందన్న సంగతి లారాకు పెళ్లయ్యాకే తెలిసిందని ఆమె చేతిరాత ప్రతి చెబుతుంది. ఆ ప్రతి 1971లో, ఆమె పోయాక, పుస్తకమైంది. ఆ బాకీల నడుమ లారా తన గుర్రప్పిల్లను వంద డాలర్లకు అమ్మి, ఆ సొమ్ముతో దాయాదితో కలిసి గొర్రెలు కొని లాభం చూసింది. 1888లో గొంతువాపు జబ్బు డిఫ్తీరియా దంపతులిద్దరినీ పట్టి, అల్మాంజో కాళ్లలో సత్తువ తీసేసింది. మరుసటి ఏడు పసికొడుకు పోయాడు, వెనువెంటనే ఇల్లు కాలిపోయింది.

1894లో వారు బండి కట్టుకుని మిస్సోరిలోని మాన్స్‌ఫీల్డ్‌కు బయలుదేరినప్పుడు లారా రాతపెట్టెలో దాచిన వంద డాలర్ల నోటు, డి స్మెట్‌లో దర్జీ దగ్గర రోజుకు డాలరు చొప్పున బట్టలు కుట్టి కూడబెట్టినది. కొత్త చోట 40 ఎకరాల రాళ్ల నేలకు బయానా అదే. ఈ వాక్యం దగ్గర చదువరి కాసేపు నిలవాలి. ఉచితమని చెప్పి ప్రభుత్వం ఇచ్చిన నేల రెండు తరాల దగ్గరా నిలవలేదు. సూది, దారంతో కొన్న నేల నిలిచింది. రాకీ రిడ్జ్ అని పేరు పెట్టుకున్న ఆ పొలాన్ని వారు దాదాపు 200 ఎకరాలకు పెంచారు. కోళ్ల పెంపకంలో పేరు తెచ్చుకున్న లారా 1911 నుంచి ‘మిస్సోరి రూరలిస్ట్’ పత్రికకు వ్యాసాలు రాసింది, స్థానిక రైతు రుణ సంఘానికి కార్యదర్శిగా, కోశాధికారిగా ఏళ్ల తరబడి పనిచేసింది. పెళ్లయ్యాక తెలిసిన బాకీతో సంసారం మొదలుపెట్టిన స్త్రీ, ఇతరుల అప్పు కాగితాలు సరిచూసే స్థానానికి చేరడం ఈ కుటుంబ చరిత్రలో ఏ పట్టాకూ తీసిపోదు.

మూడో తరంలో లారా కూతురు రోజ్ వైల్డర్ లేన్ పొలం వదిలి టెలిగ్రాఫ్ ఆపరేటరుగా, ఆపైన పత్రికా రచయిత్రిగా ఎదిగింది. తల్లి పెన్సిలుతో నోటుపుస్తకాల్లో రాసుకున్న జీవితకథను పట్టుకుని, తల్లీకూతుళ్లు వాదించుకుంటూ, దిద్దుకుంటూ తయారుచేసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాలు 1932 నుంచి 1943 వరకు వెలువడ్డాయి. వాటిలో నాన్న ఫిడేలు వెలిగినంతగా అమ్మ చేతులు వెలగలేదు. బర్ ఓక్ హోటల్ చాకిరీకీ, పోయిన తమ్ముడికీ వాటిలో చోటే దొరకలేదు. తండ్రి మీది ప్రేమ అందుకు ఒక కారణం, పిల్లల కోసం రాయడం మరొక కారణం. నోటుపుస్తకాల ప్రతి 2014లో అచ్చయ్యాకగాని ఆ వదిలేసిన పేజీలు మామూలు పాఠకుడికి అందలేదు.

1957లో లారా, 1968లో రోజ్ కన్నుమూశారు. చార్ల్స్, క్యారొలైన్‌ల సంతానంలో మనుమరాలు రోజ్ తరువాత వారసులెవరూ లేరు. అయితే ఈ కుటుంబాల నుంచి తమ పేరునే నేల పట్టిన స్త్రీలు ఇద్దరున్నారు. అల్మాంజో అక్క ఎలైజా జేన్ 1879లో అన్నదమ్ములతో పాటు డి స్మెట్ దగ్గర సొంతంగా క్లెయిమ్ వేసింది. ఇక పదేళ్ల వయసులో కాఫీ తిరుగలి పిడి తిప్పిన క్యారీ, పత్రికల అచ్చుపనిలో అక్షరాలు పేర్చి సంపాదిస్తూ, 1907 ప్రాంతంలో దక్షిణ డకోటా పడమటి భాగంలోని టాప్ బార్ దగ్గర తన పేర ఒక హోమ్‌స్టెడ్ రాయించుకుని, చెక్కల మీద తారు కాగితం పరిచిన పాకలో ఒంటరిగా కాపురం పెట్టింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్లు, పెళ్లి కాలేదు, దరఖాస్తులో ఆమె పేరు రాయడానికి చట్టం అడ్డు చెప్పలేదు.