ధర్మ్యమును మూల్యమును

పాణిని 4-4-91 సూత్రమున ధర్మ్య, మూల్య శబ్దములు రెంటికిని యత్ప్రత్యయమునే విధించెను. ధర్మముచేఁ బొందఁదగినది ధర్మ్యము. మూలధనముతో సమమైనది మూల్యము. ప్రత్యయ మొక్కటియే, అర్థములు వేఱు.

ఈ భేదమును మఱచిన సంఘమున నేమి జరుగునో గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ చూపుచున్నది. ఈ నాటకము 1892లోఁ బ్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో నూతనరూపము దాల్చెను. విశాఖపట్టణ మండలమున మూఁడేండ్లలో 1,034 శుల్కవివాహములు లెక్కకు వచ్చెనని తొలికూర్పు పీఠికలోఁ గర్తయే వ్రాసెను.

అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాఁడు. బుచ్చమ్మ వైధవ్యమును గన్నులారఁ జూచుచునే సుబ్బిని వృద్ధుఁడగు లుబ్ధావధానుల కమ్మఁజూచెను. అతని కిది పాపముగాఁ దోఁపదు; సంఘ మంగీకరించిన వ్యవహారముగాఁ దోఁచును. మేనమామయగు కరటకశాస్త్రి ధర్మోపదేశమున ఫలము లేదని యెఱిఁగి, శిష్యునకు ఆఁడువేషము వేసి, తక్కువ వెలకుఁ గన్యగాఁ జూపెను. ఈ వేషకల్పనము కేవల ప్రహసనవినోదమని తలఁపవచ్చును. నాకట్లు తోఁపదు. పిల్లను గాపాడఁబూనిన వాఁడు సైతము అంగడిభాషనే యాడవలసి వచ్చెను! నాటకమునకు మర్మస్థానమిదియే.

అగ్రహారములలోఁ గన్యాశుల్క మంతరించినది. వరశుల్కము మాత్రము 1961 నాటి చట్టము నిషేధించినను నిలిచియే యున్నది. వెల చేతులు మాఱెనే కాని, వెలకట్టు బుద్ధి మాఱలేదు. కావున నీ నాటకమును బోధించు పండితులు గిరీశము చమత్కారములకడనే నిలువక, యీ శబ్దద్వయభేదమును గూడ బాలబాలికలకుఁ దెలుపుదురు గాక.